కేడ్గావ్ అచ్చుగదిలో ఆడపిల్లలు

తిరుపతి కొండల కింద, అడవిలో నిలబడి ఉన్నారు మీరు. సంవత్సరం 1874. ఎదురుగా ఒక చెట్టు మొదట్లో అయిదుగురు మనుషులు. పెద్దాయన అనంతశాస్త్రి డోంగ్రే, మరాఠీ మాట్లాడే సంస్కృత పండితుడు, చూపు పూర్తిగా పోయింది. పక్కన భార్య లక్ష్మీబాయి, పెద్ద కూతురు కృష్ణాబాయి, కొడుకు శ్రీనివాస్. అందరికంటే చిన్నది పదహారేళ్ల రమ, తండ్రికి ఆనుకుని కూర్చుంది. పదకొండు రోజులుగా వీళ్లకు నీళ్లూ ఆకులే ఆహారం. నగలు అమ్ముడుపోయాయి. పట్టుబట్టలు, వెండి సామాను, ఆఖరికి ఇత్తడి రాగి చెంబులు కూడా పోయాయి. ఊరూరా పురాణం చెప్పుకుని బతికిన కుటుంబం ఇది. క్షేత్రాలన్నీ తిరిగి, ఉన్నదంతా దానధర్మాలకు ధారపోసి, ఈ కొండ కిందికి వచ్చి ఆగిపోయింది. వీళ్లకు చేయి చాచడం చేతకాదు, కూలిపని తెలియదు.

కోనేట్లో మునిగి ప్రాణం విడవాలని శాస్త్రిగారు నిశ్చయించుకున్నారు. ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుని వీడ్కోలు చెబుతున్నారు. శ్రీనివాస్ అడ్డుపడ్డాడు. కులం పరువు పక్కనపెట్టి కూలికైనా పోయి మిమ్మల్ని సాకుతానన్నాడు. పెద్దాయన ఆగారు. కానీ ఆకలి ఆగలేదు. కొద్దిరోజులకే ఆయన ప్రాణం పోయింది.

మిగిలిన నలుగురి వెంటే నిజాం రాజ్యంలోని రాయచూరుకు పదండి. లక్ష్మీబాయి మంచం పట్టింది. జ్వరంలో, మగతలో అన్నం అన్నం అని అడుగుతోంది. రమ లేచి పక్కింటి గుమ్మం దాకా వెళ్లింది. ఈ పిల్లకు పద్దెనిమిది వేల శ్లోకాల భాగవతం నోటికి వచ్చు. సభలో కూర్చుని సంస్కృతంలో గంటలకొద్దీ చెప్పగలదు. ఆ గుమ్మం ముందు మాత్రం నోరు పెగలడం లేదు. కన్నీళ్లు కారుతున్నాయి, మాట రావడం లేదు. ఆ ఇంటావిడ ముఖం చూసి గ్రహించి ఒక సజ్జరొట్టె ముక్క చేతిలో పెట్టింది. రమ పరుగున వెనక్కి వచ్చి తల్లి నోటికి అందించింది. ఆమెకు నమిలే శక్తి లేదు. ఆ తల్లి రాయచూరులోనే కన్నుమూసింది, తర్వాత అక్క కూడా పోయింది.

దశాబ్దాల తర్వాత తన సాక్ష్యం రాస్తూ ఆ రమ, అంటే పండిత రమాబాయి, ఈ సంగతులన్నీ దాచకుండా చెప్పుకున్నారు. పుణె దగ్గరి కేడ్గావ్‌లో ఆమె నిలబెట్టిన ముక్తి సదన్ కథ ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. నేనైతే ఆ రొట్టెముక్క దగ్గర మొదలుపెడతాను.

మధ్యలో జరిగింది గబగబా చెప్పుకుందాం. అన్నాచెల్లెళ్లిద్దరూ కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని పండిత, సరస్వతి అన్న బిరుదులిచ్చారు. అన్న చనిపోయాడు. 1880లో ఆమె ఒక బెంగాలీ వకీలును కులం కాదని పెళ్లాడింది. 1881లో కూతురు మనోరమ పుట్టింది. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించిన సంవత్సరమే అది. మరుసటి ఏడాది భర్త కలరాతో పోయాడు. 1883లో వైద్యం చదువుదామని ఇంగ్లండ్ వెళితే, అప్పటికే వినికిడి తగ్గుతుండటంతో ఆ చదువు సాగలేదు. ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత అమెరికాలో తిరిగి, అగ్రకుల హిందూ స్త్రీ స్థితిగతుల మీద 1887లో పుస్తకం వేసి, పదేళ్ల పాటు సాయం చేస్తామని అక్కడివాళ్ల చేత మాట ఇప్పించుకుని వచ్చారు. 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. బాలవితంతువులకు అది ఇల్లూ, బడీ. మరుసటి ఏడాదే దాన్ని పుణెకు మార్చారు.

ఇప్పుడు 1897కి రండి. మధ్యపరగణాల్లో కరువు. ఒక ఊరి బయట అన్నశాల ముందు మీరు నిలబడి ఉన్నారు. పిల్లలు నేల మీద పడి ఉన్నారు. ఏ బిడ్డ బతికి ఉందో, ఏ బిడ్డ పోయిందో దగ్గరకు వెళితే గానీ తెలియడం లేదు. తలలు పుళ్లు పడ్డాయి, పొట్టలు ఉబ్బాయి, కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. చుట్టూ మనుషులు తిరుగుతున్నారు. అందులో కొందరు ఆడపిల్లల కోసమే వచ్చినవాళ్లు. వాళ్లు ఎందుకు వచ్చారో అక్కడ అందరికీ తెలుసు. తెల్లచీర కట్టిన ఒక పొట్టిమనిషి పిల్లల మధ్య కూర్చుని ఒక్కొక్కరినీ తాకి చూస్తోంది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇరవై మూడేళ్ల కిందట తాను ఎలా ఉందో ఆమెకు గుర్తుంది.

సుమారు మూడు వందల మంది ఆడపిల్లలనూ, స్త్రీలనూ వెంటబెట్టుకుని ఆమె తిరిగి వచ్చారు. పుణెలో ప్లేగు. అంతమందిని ఊళ్లో ఉంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. అమెరికా సాయం గడువు దాటాక సదన్‌కు ఆదాయం ఉండాలని కేడ్గావ్ దగ్గర ముందే కొంత భూమి కొని మామిడి, నారింజ, నిమ్మ మొక్కలు పెట్టించి ఉన్నారు. పిల్లలందరినీ ఆ తోటలోకే తీసుకెళ్లారు. ముందు గుడారాలు, పాకలు. తర్వాత బావులు, రాతి గోడలు, బడి, పొడవాటి ప్రార్థనాలయం. ఆ చోటికి ముక్తి అని పేరు. 1900లో గుజరాత్, రాజపుతానా వైపు కరువు పడితే ఆమె మళ్లీ మనుషులను పంపారు. కొన్ని నెలల్లోనే ముక్తిలో దాదాపు రెండు వేల మంది అయ్యారు.

రెండు వేల మందికి రోజూ వండాలి. ఒక్క మాటలో అనేశాను గానీ, ఆ వంటశాల ముందు ఒక పూట నిలబడితే తెలుస్తుంది. తెల్లవారకముందే తిరగళ్ల చప్పుడు మొదలవుతుంది. జొన్నలు విసిరేవాళ్లు విసురుతున్నారు, పిండి కలిపేవాళ్లు కలుపుతున్నారు, పొగలో వరుసగా కూర్చున్న అమ్మాయిలు రొట్టె చేతుల మీదే తట్టి పెనం మీద వేస్తున్నారు. బావి దగ్గర మరో గుంపు. పాలు పిండేవాళ్లు, గానుగ దగ్గర ఉండేవాళ్లు, మగ్గం మీద చీర నేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, కూరగాయల మళ్లకు నీళ్లు కట్టేవాళ్లు. అంతా ఆడపిల్లలే. శారదా సదన్‌లో చదువుకున్న పెద్దపిల్లలు ఇప్పుడు ఈ చిన్నవాళ్లకు టీచర్లు, తల్లులు. తలంట్లు, పుళ్లకు మందులు, అ ఆలు అన్నీ వాళ్లే చూసుకుంటున్నారు. నిన్నటి దాకా ఇంట్లో మూలన కూర్చోబెట్టిన బాలవితంతువు ఇవాళ పాతికమంది పిల్లలకు హాజరు పిలుస్తోంది.

ఇక అచ్చుగదికి వెళదాం. మిమ్మల్ని ఇంతదూరం తీసుకొచ్చింది అందుకే. కాలం మరి కొన్నేళ్లు ముందుకు జరిగింది, 1910 దాటింది. గది నిండా సిరా వాసన, కిరసనాయిలు వాసన. అడుగు చూసుకుని వేయండి, నేల మీద ఎక్కడో ఒక సీసపు అక్షరం పడి ఉంటుంది. ఎత్తైన బల్లల మీద ఏటవాలుగా కేసులు. ఒక్కో కేసులో పదుల కొద్దీ అరలు. దేవనాగరి అచ్చు సామాన్యమైనది కాదు. మన తెలుగు అచ్చులో గుణింతాలూ ఒత్తులూ కంపోజిటర్‌ను ఎంత సతాయించేవో, మరాఠీ అచ్చులో మాత్రలూ సంయుక్తాక్షరాలూ అంతే సతాయిస్తాయి. వందల రకాల దిమ్మలు. ఏది ఏ అరలో ఉందో కంటికి కాదు, చేతికి తెలియాలి.

ఈ అమ్మాయిని చూడండి. ఇరవై దాటి ఉంటుంది. ఎడమచేతిలో కంపోజింగ్ స్టిక్కు, కుడిచేయి అరల మీద తిరుగుతోంది. కళ్లు చేతిరాత ప్రతి మీదే ఉన్నాయి. దిమ్మ ఒంటికి ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. బొటనవేలికి ఆ గాటు తగిలితే చాలు, అక్షరం తిన్నగా ఉన్నట్టు లెక్క. ఒక్కొక్కటే స్టిక్కులోకి వెళుతోంది. సీసంలో అక్షరం తిరగబడి ఉంటుంది, ఎడమ కుడిగా, కుడి ఎడమగా. ఆమె దాన్ని అలాగే చదివేస్తుంది. వరుస చివర కాస్త వదులుగా ఉంది. మాటల మధ్య సన్నని స్పేసులు దూర్చి బిగించింది. బిగువు చాలకపోతే మిషను మీద అక్షరాలు ఎగిరిపోతాయి, మరీ బిగిస్తే వరుస వంకర పోతుంది. వేలితో నొక్కి చూసింది. సరిపోయింది. ఆ వరుస వదిలి తర్వాతది మొదలుపెట్టింది.

స్టిక్కు నిండితే గాలీ అనే పొడవాటి పళ్లెంలోకి దించుతారు. గాలీ నిండితే దారం చుట్టి కట్టి, సిరా పూసి, తడికాగితం పరిచి ప్రూఫు తీస్తారు. ఆ ప్రూఫు పట్టుకుని ఒక చిన్నపిల్ల పక్క గదికి పరుగెడుతుంది. మీరూ వెళ్లండి.

అక్కడ రమాబాయి కూర్చుని ఉన్నారు. ముందు హీబ్రూ బైబిలు, గ్రీకు నిఘంటువులు, మరాఠీ చేతిరాత కట్టలు. జుట్టు నెరిసింది. వినికిడి బాగా తగ్గింది, సందేహం అడగాలంటే దగ్గరకు వెళ్లి గట్టిగా చెప్పాలి. సంస్కృతంలో ఆశువుగా శ్లోకం చెప్పగల మనిషి నడివయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకోవడానికి కూర్చున్నది ఒక్క పని కోసం. అప్పటికే ఉన్న మరాఠీ బైబిలు ఆమెకు చాలలేదు. పొలంలో పనిచేసే ఆడమనిషి, చదువు అంతంత మాత్రమైన ఆడమనిషి పక్కన ఎవరూ లేకపోయినా చదివి అర్థం చేసుకోగలిగే మరాఠీ కావాలి. ఆమె జీవితంలో చివరి పదిహేనేళ్ల పైచిలుకు ఈ పనికే పోయింది. ప్రూఫు మీద పెన్ను కదులుతోంది. ఒక మాత్ర తప్పింది, ఒక అంకె తారుమారైంది, ఒక మాట ఇంకా తేలిక చేయాలి. కాగితం మళ్లీ అచ్చుగదికి వస్తుంది. ఆ అమ్మాయి నిట్టూర్చదు. పటకారుతో తప్పు అక్షరం పైకి లాగి, సరైనది దించి, ఆ వరుసంతా మళ్లీ బిగిస్తుంది. మాట మారితే వరుస మారుతుంది, వరుస మారితే ఒక్కోసారి పేరా అంతా మళ్లీ కూర్చాలి. అచ్చయ్యాక పని అయిపోదు. ఫారం విప్పి, కడిగి, ప్రతి అక్షరాన్నీ తిరిగి దాని అరలో వేయాలి. రేపటి పేజీకి ఇవే అక్షరాలు కావాలి.

కంపోజింగ్ వాళ్లదే. అచ్చు వేయడం, ఫారాలు మడవడం, కుట్టడం, అట్ట వేయడం వాళ్లవే. బైబిలు మొత్తాన్ని ఒక స్త్రీ అనువదించగా స్త్రీలే అచ్చువేశారు. ఆ కాలంలో దేశంలో అచ్చుపని అంటే మగవాళ్ల పని. ఈ గదిలో అక్షరాలు కూరుస్తున్నవాళ్లలో చాలామంది అన్నశాల ముందు నేలమీద పడి ఉన్న పిల్లలే. దానం చేసేవాళ్లు అన్నం పెడతారు, బట్ట ఇస్తారు, అక్కడితో ఆగుతారు. రమాబాయి ఆగలేదు. ఆకలి తీరిన చేతులకు పని నేర్పారు, అదీ ఉత్త చేతిపని కాదు, తప్పొప్పులు తెలిసి చేయవలసిన పని. ఆమె చేసిన సేవలన్నిటిలోకీ నాకు పెద్దదిగా కనిపించేది ఇదే.

గదిలోంచి బయటికి రండి. అవతల చెట్టు నీడన మరో తరగతి నడుస్తోంది. ఈ పిల్లలకు చూపు లేదు. పుటల మీద లేచిన చుక్కల మీద వేళ్లు నడిపిస్తూ మరాఠీ చదువుతున్నారు. మనోరమ స్వయంగా బ్రెయిల్ నేర్చుకుని ఇక్కడి అంధబాలికలకు నేర్పింది. చిన్నతనం ఇంగ్లండ్‌లో, చదువులో కొంత భాగం అమెరికాలో గడిపిన అమ్మాయి. ఎక్కడైనా హాయిగా స్థిరపడగలిగేది. 1900లో అమెరికా నుంచి ఈ దుమ్ములోకే తిరిగి వచ్చింది. బడి లెక్కలు, ఉత్తరాలు, విరాళాల జమాఖర్చులు చూస్తూనే తన చదువు కొనసాగించి పట్టా తీసుకుంది. నిజాం రాజ్యంలో గుల్బర్గాలో హైస్కూలు పెట్టినప్పుడు బాధ్యత తీసుకున్నదీ ఆమే. అమ్మమ్మ ఆకలితో కన్నుమూసిన రాయచూరూ ఆ రాజ్యంలోదే.

వీళ్ల విశ్వాసం ఎలాంటిదో చూడాలంటే ఒక్కసారి 1905కి వెనక్కి వెళ్లాలి. వేల్స్‌లో మొదలైన ఉజ్జీవం కబురు, ఖాసీ కొండల కబురు కేడ్గావ్‌కు చేరాయి. జనవరిలో డెబ్బై మందితో మొదలైన ప్రార్థన జూన్ నాటికి అయిదు వందల యాభై మందికి పెరిగింది. ప్రార్థనాలయం గుమ్మంలో నిలబడండి. నేలమీద బారులు తీరి కూర్చున్న పిల్లలందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తున్నారు. ఒకరి మాట ఒకరికి వినిపించదు. కొందరు వెక్కివెక్కి ఏడుస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు, ఒక మూల నుంచి పాట లేచింది. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు కొందరు ఇదేం గోల అని నొసలు చిట్లించారు. నోరెత్తకూడదని పెరిగిన పిల్లలు. ఇంతమంది ముందు, ఇంత గట్టిగా, తమ మాట తాము దేవుడితో చెప్పుకోవడం వాళ్ల జన్మలో అదే మొదటిసారి. అది గోల అని నేననలేను. చుట్టుపక్కల పల్లెలకు సువార్త చెప్పడానికి ఎవరు వెళతారని రమాబాయి అడిగితే ముప్పై మంది యువతులు లేచి నిలబడ్డారు. అప్పటినుంచి జట్లు జట్లుగా పల్లెలకు నడిచారు, పాడారు, రోగుల దగ్గర కూర్చున్నారు.

ఇక్కడ ఒక మాట దాటవేయకూడదు. ఆకలిగొన్న పిల్లకు అన్నం పెట్టి మతం మార్చారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. 1893లో శారదా సదన్ పిల్లలు క్రీస్తు వైపు మొగ్గుతున్నారని పుణె భగ్గుమంది. తిలక్ కేసరి పత్రిక కటువుగా రాసింది, తల్లిదండ్రులు పిల్లలను తీసుకెళ్లిపోయారు, సలహా సంఘం తప్పుకుంది. అంతకుముందే, 1885లో, ఆమె మతం మారిన విషయంలో సంఘ సంస్కర్త జోతిబా ఫూలే ఆమె పక్షాన రాశారు. పిల్లలు ఏ ఇంట పెరిగితే ఆ ఇంటి దేవుణ్ని మొక్కుతారన్నది నిజం, కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ అన్నశాల ముందు ఆ పిల్లల కోసం కాచుకున్నవాళ్లు ఎవరో కూడా మనం చూశాం. ఇంకొకటి, రమాబాయి తన మనస్సాక్షిని ఎవరికీ అప్పగించలేదు. ఇంగ్లండ్‌లో తనను చేరదీసిన ఆంగ్లికన్ సన్యాసినులు ఏది నమ్మాలో చెప్పబోతే, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వాళ్లతోనే వాదించారు. అంత గట్టిమనిషి ఇంట్లో పెరిగిన అమ్మాయిలు తలవంచుకుని తిరిగారంటే నేను నమ్మను.

1921 జూలైలో మనోరమ చనిపోయింది. నలభై ఏళ్లు. తన తర్వాత ముక్తిని నడుపుతుందనుకున్న కూతురిని తల్లి తన చేతులతో సాగనంపింది. ఆ తర్వాత కూడా ప్రూఫులు ఆగలేదు. రోజూ ఆ చిన్నపిల్ల కాగితాలు తెచ్చింది, రోజూ ఆమె దిద్ది పంపారు. చివరి ప్రూఫులు పూర్తయ్యే దాకా ఆయుష్షు ఇమ్మని ఆమె ప్రార్థించారని, అవి దిద్దడం ముగించాకే కన్నుమూశారని ముక్తిలో చెప్పుకుంటారు. 1922 ఏప్రిల్ 5న ఆమె పోయారు. అచ్చుగది మూతపడలేదు. మిగిలిన ఫారాలు ఆ అమ్మాయిలే వేశారు, కుట్టారు, అట్టలు కట్టారు. 1924లో సంపూర్ణ మరాఠీ బైబిలు బయటికి వచ్చింది.

మన ప్రభుత్వం 1989లో రమాబాయి పేరిట తపాలా బిళ్ల వేసింది. ముక్తి మిషన్ ఇప్పటికీ కేడ్గావ్‌లోనే ఉంది. దిక్కులేని ఆడపిల్లలూ, స్త్రీలూ ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు, చదువుకుంటున్నారు. సికింద్రాబాద్ నుంచి పుణె వెళ్లే రైలు కలబురగి (అప్పటి గుల్బర్గా), షోలాపూర్, దౌండ్ దాటాక ఆ ఊరి మీదుగానే పోతుంది. మీ సంఘంలో, మీ వీధిలో ఏదో ఒకటి చేయాలని తపించే అమ్మాయి ఉంటే, పాట రాసేదో, బొమ్మ వేసేదో, అనాథ పిల్లలకు పాఠం చెప్పేదో, ఆమెను ఒకసారి కేడ్గావ్ తీసుకెళ్లండి.